పీపా లేని కుక్క

పిల్లలూ! మెడలో చిన్న కొయ్యపీపా వేలాడుతుండగా మంచులో నిలబడ్డ పెద్ద కుక్క బొమ్మను మీరు ఏ క్యాలెండరు మీదో చూసే ఉంటారు. అలాంటి బొమ్మ ఒకటి తెచ్చి, "మాస్టారూ, ఆ పీపాలో ఏముంటుందండీ?" అని మా తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు అడిగాడు. "అసలు ఆ పీపాయే లేదురా" అన్నాను. వాడు నమ్మలేదు. మీరు నమ్ముతారేమో చూద్దాం.

ఆ కుక్క జాతి పేరు సెయింట్ బెర్నార్డ్. స్విట్జర్లాండుకూ ఇటలీకీ సరిహద్దున, ఆల్ప్స్ పర్వతాలలో సుమారు 2470 మీటర్ల ఎత్తున ఒక కనుమ ఉంది. 11వ శతాబ్దంలో బెర్నార్డ్ అనే క్రైస్తవ మతగురువు బాటసారుల కోసం అక్కడ ఒక సత్రం నెలకొల్పాడు. చలికాలంలో అక్కడ మంచు మనిషి ఎత్తును మించి పేరుకుంటుంది. దారి తప్పినవాడు బతికి బయటపడడం కష్టమే. 17వ శతాబ్దంలో సత్రంవారు కింది లోయల నుంచి పెద్ద కుక్కలను తెచ్చి పెంచసాగారు. తెచ్చింది కాపలాకు. కానీ కన్ను పనిచేయని పొగమంచులో కూడా కుక్క ముక్కు పనిచేస్తుందని సన్యాసులు త్వరలోనే గ్రహించారు. తాజా మంచు గుల్లగా ఉంటుంది. దాని సందుల్లో గాలి ఉంటుంది. కింద కూరుకుపోయిన మనిషి వాసన ఆ సందుల్లోంచి మెల్లగా పైకి వస్తుంది. కుక్క దాన్ని పసిగట్టి పంజాలతో తవ్వేది. ఇలా సుమారు 200 ఏళ్లలో 2000 మంది దాకా బతికారని అంచనా.

వీటిలో అన్నిటికన్నా పేరుపొందినది బారీ. 1800లో పుట్టింది. 40 మందికి పైగా కాపాడిందని చెబుతారు. అది కాపాడబోయిన చివరి మనిషే దాన్ని తోడేలనుకొని పొడిచి చంపాడని ఒక కథ ఉంది. కన్నీళ్లు తెప్పించే కథే గాని నిజం కాదు. బారీ ముసలిదై బెర్న్ నగరానికి చేరి, 1814లో అక్కడే కన్నుమూసింది. చర్మంలో కూరి నిలబెట్టిన దాని రూపం ఆ నగరపు మ్యూజియంలో నేటికీ ఉంది.

మరి పీపా? 1820లో లాండ్‌సీర్ అనే ఆంగ్ల చిత్రకారుడు, అప్పటికింకా కుర్రవాడే, తన చిత్రంలోని కుక్క మెడకు పీపా తగిలించాడు. అందులో బ్రాందీ ఉంటుందని లోకం నమ్మేసింది. నిజంగా తాగిస్తే ఏమౌతుంది? సారాయి చర్మం దగ్గరి రక్తనాళాలను వ్యాకోచింపజేస్తుంది. లోపలి వేడి రక్తం పైకి వస్తుంది. ఒళ్లు వెచ్చబడినట్టు అనిపిస్తుంది గాని, శరీరంలోని వేడి ఇంకా త్వరగా బయటికి పోతుంది. చలికి వణికేవాడికి అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఇంకో పొరపాటు ఆ సత్రంలోనే జరిగింది. 1816 తర్వాత వచ్చిన భయంకరమైన చలికాలాల్లో చాలా కుక్కలు చనిపోయాయి. వంశం నిలబెట్టడానికి 1830 ప్రాంతంలో న్యూఫౌండ్‌లాండ్ జాతి కుక్కలతో సంకరం చేశారు. పొడుగాటి బొచ్చు వచ్చింది. చలికి మంచిదే కదా అంటారా? ఆ బొచ్చుకు మంచుగడ్డలు అంటుకొని కుక్క నడవలేక కూలబడేది! పొట్టిబొచ్చు కుక్కలే పనికి నిలిచాయి. బారీ కూడా పొట్టిబొచ్చుదే. బరువు 45 కిలోలకు మించి ఉండదని అంచనా. ఈనాటివి 70, 80 కిలోలు తూగుతాయి. పని కోసం కాక ప్రదర్శనల కోసం పెంచినందువల్ల ఇలా భారీగా తయారయ్యాయి.

స్వభావమా, బహు నెమ్మది. పసిపిల్లలు చెవులు లాగినా చాలావరకు ఓర్చుకుంటుంది. అయినా చెవులు లాగకండి. పిల్లగా ఉన్నప్పుడే మాట వినడం నేర్పాలి; లేకపోతే ఏడాది తిరిగేసరికి ప్రేమతో మీదికి దూకి మిమ్మల్ని పడేస్తుంది. చొంగ కూడా ధారాళంగా కారుస్తుంది.

ఏనుగు ఎలుకకన్నా ఎక్కువకాలం బతుకుతుంది. కుక్కల్లో మాత్రం తారుమారు. చిన్న జాతులు 14, 15 ఏళ్లు బతికితే సెయింట్ బెర్నార్డ్‌కు 8, 10 ఏళ్లే ఆయుష్షు. పెద్ద జాతులు త్వరగా ముసలివౌతాయి.

ఇప్పుడు మన నగరాల్లోనూ వీటిని కొంటున్నారు. ఒక లెక్క చేయండి. 1 సెంటీమీటరు భుజం గల ఘనం ఉపరితలం 6, ఘనపరిమాణం 1. భుజం 2 అయితే ఉపరితలం 24, ఘనపరిమాణం 8. అంటే పెద్ద ఒంటికి, దాని పరిమాణంతో పోలిస్తే, వేడిని వదిలే చర్మం తక్కువ. ఆల్ప్స్‌లో అదొక వరం. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పడమే దానికి ప్రధాన దారి. 42 డిగ్రీల మే నెలలో, కరెంటు పోయిన మధ్యాహ్నం, ఆ 70 కిలోల మంచుకొండ కుక్క ఏం చేస్తుందో మీరే ఊహించండి. వడదెబ్బతో చనిపోవచ్చు కూడా. మీ ఇంట్లో ఎవరైనా కొందామంటే ఈ లెక్క వారికి చూపించండి.

1964లో ఆ కనుమ కింద రోడ్డు సొరంగం తెరిచారు. హెలికాప్టర్లు కూడా వచ్చాయి. కుక్కలకు పని తగ్గింది. 2005లో సన్యాసులు వాటి పెంపకాన్ని ఒక సంస్థకు అప్పగించారు. అవి ఇప్పుడు చలికాలమంతా కింద మార్టినీ పట్టణంలో ఉంటాయి. వేసవి రాగానే వాటిలో కొన్నిటిని మళ్లీ కొండమీదికి తీసుకువెళతారు.