కొండయడవుల కంకరబాటలు

సైకిలనగానే మనకు బడికి బోవు పిల్లలును, తెల్లవారుజామున పాలబిందెలతో వచ్చువాడును జ్ఞప్తికి వత్తురు. అట్టి వాహనమునకే పడకయు, వంటపాత్రయు, నీటిసీసాలును గట్టుకొని, తారు వేయని కంకరబాటల వెంబడి, నీరు దొరకని కొండయడవులలో వారముల తరబడి పయనించువారు కలరు. వారిలో స్త్రీలును కలరు. ఒంటరిగా బోవు స్త్రీలును కలరు. ఇది సాహసమా, పనిలేని తిరుగుడా యని మన సోదరీమణులు ప్రశ్నింపవచ్చును. తీర్పు చెప్పుటకు ముందు ఆ దారి యెట్టిదో తెలిసికొనుట న్యాయము.

మేము చెప్పబోవునది ఉత్తర అమెరికాలోని గ్రేట్ డివైడ్ మార్గము. అడ్వెంచర్ సైక్లింగ్ అసోసియేషన్ అను సంఘమువారు 1990 తరువాతి దశకమున దీనిని గుర్తించి పటములు వేయించిరి. కెనడాలోని జాస్పరు పట్టణము మొదలు మెక్సికో సరిహద్దు వరకు ఇది సుమారు 3,000 మైళ్లు. ఇందుకొరకు క్రొత్తగా వేసిన బాట మిక్కిలి తక్కువ. కలప లాగుటకును, గనులకును, పశువుల మందలకును, అడవి ఉద్యోగుల రాకపోకలకును ఏనాడో యేర్పడిన మట్టిదారులను ఒకదానితో నొకటి ముడివేసి యాత్రామార్గముగా జేసిరి. పడమటి సముద్రమునకు దాపుననే పుట్టిన గోదావరియు, కృష్ణయు సహ్యాద్రి వాలును బట్టి తూర్పునకు తిరిగి మన సీమకు వచ్చుట యెల్లరెరిగినదే. అట్లే రాకీ పర్వతముల శిఖరపంక్తి వాననీటిని అట్లాంటిక్, పసిఫిక్ సముద్రములకు పంచిపెట్టును. ఆ గట్టును ఈ మార్గము ఇంచుమించు 30 పర్యాయములు దాటును. కొలరాడోలోని ఇండియానా కనుమ యొద్ద ఎత్తు 11,910 అడుగులు.

ఉత్తరభాగమున ఏరులును, మంచును, పచ్చదనమును గలవు. అవి మనము పటములలో జూచినవే గనుక వర్ణన మానుచున్నాము. అసలు పరీక్ష దక్షిణమున న్యూ మెక్సికో రాష్ట్రములో నున్నది. అచ్చటి కొండలు ఎండినవే గాని బోడివి కావు. దిగువను పొట్టి జూనిపరు, పిన్యను చెట్లు. పైకెక్కినకొలది పాండరోసా యను మహావృక్షములు. ఎండకు గాగినపుడు ఈ పాండరోసా బెరడు వనిల్లా వాసన వేయునట. పిన్యను గింజలను అచ్చటి ఆదివాసులు తరతరములుగా నేరి భుజించుచున్నారు. నీడ యున్నది, నీరు లేదు. దినమంతయు బోయినను ఒక యేరైనను కనబడని తావులు గలవు. పశువులకై గాలిమరలతో తోడి తొట్లలో నింపిన నీరే పలుచోట్ల దిక్కు. దానిని వడగట్టి శుద్ధిచేసికొని త్రాగవలెను. అందుచేత ఒక్కొక్కరు 5, 6 లీటర్ల నీరు మోసికొని బయలుదేరుదురు. లీటరు నీరు కిలో బరువు గదా! బిందె చంకనిడి దూరపు చెరువు నుండి నడచిన మన పల్లెపడుచులకు ఈ లెక్క వేరుగా నేర్ప నక్కరలేదు.

ఇక వాహనము సంగతి. ఈ సైకిళ్ల టైర్లు ఇంచుమించు 2 అంగుళముల వెడల్పున నుండును; గాలి తక్కువగా నింపుదురు. బిగువుగా నింపిన టైరు ప్రతి రాతికిని ఎగిరిపడును. మెత్తని టైరు రాతిని తనలో నణచుకొని దాటును. చాలమంది లోపలి ట్యూబును తీసివేసి, టైరులో పాలవంటి జిగురు పోయుదురు. ముల్లు గ్రుచ్చుకొన్నచో ఆ జిగురు రంధ్రమును జేరి గడ్డకట్టి పూడ్చివేయును. ఇంత యేర్పాటు ఏలయన, ఆ దారులలో మన పాతచుట్టమొకటి కాచుకొనియున్నది. అది మన చేలగట్లపై పాకు పల్లేరు! గోక్షురమను పేర దశమూలములలో జేర్చి మన వైద్యులు వాడు ఓషధి యదియే. పాతప్రపంచము నుండి అమెరికాకు వలసబోయి, అచ్చట కొమ్ములను బట్టి మేకతల యను పేరు దెచ్చుకొన్నది. మన పాదములనే గాక పరదేశపు టైర్లను గూడ విడువలేదు.

ముల్లు కన్న బురద కష్టము. జూలై మొదలు సెప్టెంబరు వరకు ఆ ప్రాంతమున మధ్యాహ్నముల వేళ నురుములతో వాన గురియును. అరగంట వానకే బంకమట్టిదారి పిండివలె సాగి, చక్రములకు చుట్టుకొని, గొట్టములనడుమ గూరుకొని బండిని కదలనీయదు. నల్లరేగడిలో దిగబడిన బండిని జూచినవారికి ఇది తెలియును. త్రొక్కుట కాదు, త్రోయుటయు సాగదు. ఎత్తుకొని నడువవలెను, లేక యెండ వచ్చుదాక కూర్చుండవలెను. 1897లో మాంటానా నుండి సెయింట్ లూయిస్ నగరమునకు 1,900 మైళ్లు సైకిళ్లపై బోయిన 25వ పదాతిదళపు నల్లజాతి సైనికులు 20 మందియు, వారి లెఫ్టినెంటు మాస్ దొరయు ఇట్టి బురదతోడనే పోరాడి 41 దినములలో గమ్యము జేరిరి.

ఈ కష్టముల నడుమ పై టౌన్ అను చిన్న యూరు కలదు. 1920 తరువాతి సంవత్సరములలో క్లైడ్ నార్మన్ అనునతడు ఎండబెట్టిన ఆపిలుపండ్లతో పై యను తీపి పిండివంట చేసి దారిబోవువారికి అమ్మసాగెను. ఆ వంట పేరే యూరిపేరయ్యెను. బాటసారులు దిగి స్నానముచేసి, వండుకొని, పరుండుటకు వీలుగా తలుపు తెరచియుంచిన యిల్లొకటి అచ్చట పెక్కేండ్లుగా ప్రసిద్ధము. దేవళము లేని సత్రమన్నమాట.

అడవి మూసివేయబడు దినములును గలవు. పాండరోసా యడవికి చిన్న నేలమంటలు స్వభావసిద్ధము. దట్టపు బెరడు చెట్టును గాపాడును. అయితే నూరేండ్ల పాటు ప్రతి నిప్పును ఆర్పుచు వచ్చుటచే క్రింద ఎండుచెత్తయు, లేతచెట్లును పేరుకొని, ఇపుడు అంటుకొన్న మంట కొమ్మలకెక్కి దావానలమగుచున్నది. 2022లో ఇదే రాష్ట్రమున గిలా యడవియందు 3 లక్షల యెకరములకు పైగా దగ్ధమయ్యెను. అదే యేట హెర్మిట్స్ పీక్ ప్రాంతమున, చెత్తను ముందుగా కాల్చి ముప్పు తప్పింప దలచి అటవీశాఖవారు పెట్టిన నిప్పే చేయిదాటి, ఆ రాష్ట్రమెరుగని పెద్ద యగ్నిగా మారెను. కావున యాత్రికులు వానకు బూర్వము పొగను, పిమ్మట బురదను లెక్కించుకొని బయలుదేరవలెను.

స్త్రీల మాటకు వత్తము. న్యూ మెక్సికో దుమ్ముదారులను సైకిలుతో జూచిన స్త్రీలలో ఆనీ లండన్‌డెరీ పూర్వురాలు. అసలు పేరు ఆనీ కొప్చోవ్‌స్కీ. 1894లో ముగ్గురు బిడ్డలను ఇంట విడిచి బాస్టను నుండి భూప్రదక్షిణకు బయలుదేరెను. మొదట పొడవు పావడాతో 42 పౌనుల బండి. షికాగో చేరునప్పటికి అది సాగదని తెలిసి, 21 పౌనుల పురుషుల సైకిలును, వదులు లాగును స్వీకరించెను. 1895లో ఎల్ పాసో మీదుగా ఆల్బకర్కీ, శాంతాఫే దాటి డెన్వరు చేరెను. సముద్రయానమే గాక రైలుప్రయాణమును ఆమె చాల చేసినది. చెప్పిన కథలలో కల్పనయు మెండు. ఆ కల్పనలను మేము మెచ్చము. బిడ్డలను విడుచుట మాటయందు పాఠకురాండ్రు రెండు పక్షములగుదురని యెరుగుదుము. అయినను అట్టి పనిచేసిన పురుషుని ఆ ప్రశ్న యెవరును అడుగరను సంగతి మరువరాదు.

మన కాలమున లేల్ విల్కాక్స్ అను అలాస్కా వనిత ప్రసిద్ధురాలు. 2015లో ఆమె బాన్ఫ్ నుండి మెక్సికో సరిహద్దు వరకు గ్రేట్ డివైడు మార్గమును 15 దినములు, 11 గంటలలోపున ముగించి ఆనాటి స్త్రీల రికార్డును సాధించెను. 2024లో 108 దినములలో భూప్రదక్షిణము చేసెను. రాత్రి నాలుగు గంటలు నిద్రించి పరుగిడు ఈ పందెములు మాకు రుచింపవు. చెట్ల పేరైన తెలియకుండ చెట్లనడుమ బోవుట యేమి యాత్ర? ఆమె స్నేహితురాండ్రతో గూడి ఆంకరేజి పట్టణమున బడిబాలికలకు సైకిలు నేర్పి కొండదారుల వెంట దీసికొనిపోవుట మాత్రము మిక్కిలి మెచ్చదగినది. మన పొరుగున పుదుక్కోట జిల్లాలో 1991 మొదలు అక్షరాస్యతతోబాటు సైకిలు నేర్చిన వేలకొలది గ్రామస్త్రీలు నీళ్లకును, సంతకును దానిపైననే పోజొచ్చిరి. వారిని జూచి నవ్వినవారును లేకపోలేదు.

అమెరికాలో నున్న మన తెలుగు కుటుంబముల స్త్రీలు ఈ మార్గమును రుచిచూడ దలచినచో, మొత్తము బోనక్కరలేదు. వానలు వెనుదీసిన సెప్టెంబరు చివరను, అక్టోబరునను రెండు మూడు దినముల భాగమును ఎన్నుకొనవచ్చును. నీటితావులను పటముపై గుర్తించి, ఆ వారమున తొట్లు నిండియున్నవో లేవో దగ్గరి యూరివారి నడిగి బయలుదేరవలెను. చివరి మజిలీ ఆంటిలోప్ వెల్స్ పేరునుబట్టి ఊరనుకొనరాదు. అది సరిహద్దు కాపలా ద్వారము మాత్రమే. అంగడి లేదు, బస లేదు. కావున తిరుగుప్రయాణమునకు బండి నెవరు తెత్తురో ముందుగానే మాటాడుకొని యుండవలెను.