తాతయ్య ఎందుకు మాట్లాడటం లేదు?

సెలవుల తర్వాత ‘నా వేసవి’ అని ఒక పేజీ రాయించడం మాకు అలవాటు. ఎన్ని రాష్ట్రాలకు బదిలీ అయినా ఆ అలవాటు మానలేదు. ఈసారి ఒక అమ్మాయి ఇలా రాసింది: “తాతయ్యకు డయాలసిస్ చేస్తున్నారు. ఇదివరకు జీడితోటకు తీసుకెళ్లేవారు. ఇప్పుడు గోడవైపు తిరిగి పడుకుంటారు. మేం వెళ్లడం ఆయనకు ఇష్టం లేదేమో.”

ఆ పేజీలో తప్పులు దిద్దబుద్ధి కాలేదు. మేము డాక్టర్లం కాము. అయినా తెలుసుకున్నంత వరకు ఇక్కడ రాస్తున్నాం.

ఆ తాతయ్యది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలని కిడ్నీ జబ్బు అక్కడ ఎన్నో ఇళ్లలో ఉంది. కిడ్నీలు రాత్రింబవళ్లు చేసే పనిని డయాలసిస్ యంత్రం సాధారణంగా వారానికి మూడుసార్లు, సుమారు నాలుగేసి గంటల్లో చేయాలి. అందుకే కొంత మలినం రక్తంలో మిగిలిపోతుంది.

కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ చోటు ఎర్రబడి, వేడెక్కి, వాచి, సలుపుతుంది. ఇదే ఇన్‌ఫ్లమేషన్. ముల్లు తీస్తే తగ్గిపోతుంది. డయాలసిస్ రోగుల్లో చాలామందికి మాత్రం ఇది పైకి కనిపించకుండా, కుంపట్లో నిప్పులా ఒళ్లంతా రాజుకుంటూనే ఉంటుంది. మిగిలిపోయిన మలినాలు, గొట్టాల దగ్గర ఇన్‌ఫెక్షన్లు, చివరికి చిగుళ్ల జబ్బు కూడా దానికి కారణం కావచ్చు.

దీన్ని రక్తపరీక్షలో పట్టుకోవచ్చు. ఇన్‌ఫ్లమేషన్ ఉన్నప్పుడు కాలేయం సీ-రియాక్టివ్ ప్రొటీన్‌ను, అంటే సీఆర్పీని, ఎక్కువగా తయారుచేస్తుంది, ఆల్బుమిన్‌ను తగ్గిస్తుంది. సీఆర్పీని 1930లో న్యూయార్క్‌లో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో గుర్తించారు. కాలేయానికి ఆ కబురు అందించేది ఇంటర్‌ల్యూకిన్-6 అనే మరో పదార్థం.

ఇలాంటి కబుర్లు మెదడుకూ చేరతాయి. జ్వరం వచ్చిన రోజు మీకు ఆడాలనిపించదు, అన్నం సహించదు, ఎవరైనా పలకరించినా చిరాకే. నెలల తరబడి అలాగే ఉంటే? మనసును నిలకడగా ఉంచడంలో పాలుపంచుకునే సెరటోనిన్ తయారీకి ట్రిప్టోఫాన్ కావాలి. ఇన్‌ఫ్లమేషన్ ఎక్కువైతే అది వేరే దారి పడుతుంది. హెపటైటిస్-సి రోగులకు ఒకప్పుడు ఇంటర్‌ఫెరాన్ సూదులు ఇచ్చేవారు. ఆ మందు ఇవే సంకేతాలను రెచ్చగొడుతుంది. అంతకుముందు దిగులంటే ఎరుగని వాళ్లు కూడా ఎందరో ఆ చికిత్సలో కుంగిపోయారు.

అలాగని సీఆర్పీ పెరిగిన ప్రతివారికీ కుంగుబాటు ఉన్నట్టు కాదు. కుంగుబాటును ఏ రక్తపరీక్షా తేల్చదు. కూర్చుని అడిగి తెలుసుకోవాల్సిందే. తోట పని పోవడం, ఖర్చు, నీళ్లు కూడా కొలిచి తాగడం, కొడుకు ఉద్యోగం చేసే ఊరికి ఒక్కసారైనా రాలేకపోవడం, ఇవేవీ రిపోర్టులో కనిపించవు. పైగా నీరసం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం కిడ్నీ జబ్బుకూ ఉన్నాయి, కుంగుబాటుకూ ఉన్నాయి. అందుకే ‘జబ్బు మనిషి కదా’ అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. డాక్టరుకు చెబితే కౌన్సెలింగ్, మందులు ఉన్నాయి.

ఆ అమ్మాయికి ఇదంతా చెప్పాం. ఇంట్లో నాన్నగారికీ చెప్పమన్నాం. డయాలసిస్ అయిన సాయంత్రం ఆయన బాగా అలిసిపోతారు, మర్నాడు పొద్దున ఫోన్ చేయమన్నాం. మొన్న నోటుబుక్కులు దిద్దుతుంటే ఆమె పుస్తకం చివరి పేజీలో వారాల పేర్లు కనిపించాయి. సోమ, బుధ, శుక్రవారాలు కొట్టేసి ఉన్నాయి. మంగళ, గురు, శనివారాల చుట్టూ పెన్సిల్‌తో సున్నాలు చుట్టి ఉన్నాయి.