జాతరకు వెంట వచ్చే పొయ్యి

గోదావరిఖనిలో కాపురం చేసిన పెద్దవాళ్లను అడిగి చూడండి, బొగ్గు పొయ్యి కథలు ఎన్నో చెబుతారు. తెల్లారకముందే పొయ్యి రాజేసి వాకిట్లో పెట్టడం, పొగ పోయేదాకా విసరడం, మొదటి షిఫ్టుకు వెళ్లే మనిషికి టిఫిన్ కట్టడం! మరి మేడారం జాతరకు వెళ్లాలంటే ఆ పొయ్యిని మోసుకెళ్లగలమా? అప్పుడు పంపు స్టవ్వే దిక్కు.

ఈ స్టవ్వును 1892లో స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ అనే ఆయన తయారు చేశాడు. దీనికి వత్తి ఉండదు. పంపు కొడితే ట్యాంకులోని కిరోసిన్ పైకెక్కి, వేడి గొట్టంలో ఆవిరై, నిపిల్‌లోంచి దూసుకొచ్చి నీలంగా మండుతుంది. ఆ మంటే మళ్లీ గొట్టాన్ని వేడిగా ఉంచుతుంది. మొదట స్పిరిట్ పోసి వెలిగించేది ఆ గొట్టం వేడెక్కడానికే. తొందరపడి పంపు కొట్టారా, పచ్చటి మంట లేచి గిన్నెలన్నీ మసి!

1953లో ఈ రకం స్టవ్వే ఎవరెస్టు ఎక్కింది. చలికి గడ్డకట్టిన తన బూట్లను హిల్లరీ దానిమీదే కాచి మెత్తబరుచుకున్నాడట!

మరి బరువు తగ్గించడం ఎలా? 1973లో అమెరికాలోని ఎం.ఎస్.ఆర్. కంపెనీ స్టవ్వుకు వేరే ట్యాంకే లేకుండా చేసింది. నూనె తీసుకెళ్లే అల్యూమినియం సీసాకే పంపు బిగించి, సన్నని గొట్టంతో బర్నరుకు కలిపింది. మోతా తగ్గింది, నూనె కూడా మంటకు దూరంగా ఉంది. గాలికి అడ్డంగా చుట్టూ పల్చటి రేకు పెడితే నూనె ఆదా.

ఏ స్టవ్వయినా ఈ జాగ్రత్తలు తప్పవు సుమా!

* మండుతున్న స్టవ్వులో నూనె పోయకండి. ఆర్పి, గాలి వదిలి, చల్లారాకే పోయాలి.
* కిరోసిన్ స్టవ్వులో పెట్రోలు చుక్క కూడా కలపకండి. చల్లగా ఉన్నా దాని ఆవిరి నిప్పందుకుంటుంది.
* మంట తగ్గితే ముందు పిన్నుతో నిపిల్ శుభ్రం చేయండి. ఊరికే పంపు కొడుతూ పోకండి.
* నైలాన్ చీర కట్టుకుని, కొంగు వదిలేసి స్టవ్వు దగ్గర కూర్చోకండి.
* మూసిన గుడారంలో, కారులో వెలిగించకండి. అక్కడ పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. గాలాడకపోతే ఎంత ప్రమాదమో గని మనుషుల ఇళ్లలో వేరే చెప్పాలా?

ఈసారి జాతర సంచి సర్దేటప్పుడు బెల్లం, పసుపు, కుంకుమతో పాటు స్టవ్వు పిన్ను కూడా మరచిపోకండేం!