ఐర్లండ్ గాలివానకు నిలిచే రేకుల కప్పు

ఐర్లండ్ పల్లెల్లో ఇనుప రేకుకు చోటు సంపాదించి పెట్టింది ఎండుగడ్డి. పశువులే ఆధారమైన రైతుకు చలికాలపు మేత తడవకుండా నిలవాలి. ఆ దేశంలో తూర్పున ఏడాదికి సుమారు 150 రోజులు, పడమటి తీరాన 225 రోజుల దాకా వాన పడుతుంది. ఆరుబయట వేసిన వాము ఎంత బాగా కట్టినా కొంత గడ్డి కుళ్లక తప్పేది కాదు. పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి అక్కడ గడ్డి షెడ్డులు లేచాయి. వాటికి నాలుగు పక్కలా గాలి ఆడేలా ఇనుప స్తంభాలు, పైన విల్లులా వంచిన ముడతల రేకు ఉండేవి. తుప్పు పట్టకుండా వాటికి ఎర్ర ఆక్సైడు రంగు వేసేవారు. డబ్లిన్‌లోని ఫిషాంబుల్ వీధిలో కెనన్ అనే ఇనుప కర్మాగారం ఇలాంటి షెడ్డులు తయారుచేసి అమ్మేది.

పల్చటి రేకును ముడతలు పెడితే బరువు పెరగకుండానే వంగని బలం వస్తుంది. ఈ పద్ధతికి 1829లో పేటెంటు పొందినవాడు లండన్ రేవు కంపెనీ ఇంజనీరు హెన్రీ రాబిన్సన్ పామర్. ఇనుముకు కరిగిన జింకు పూత వేసే విధానానికి 1837లో ఫ్రాన్సులో స్టానిస్లాస్ సోరెల్ పేటెంటు తీసుకున్నాడు. ఆ రెండూ కలిసినదే మన ఊళ్లలోని జింకు రేకు. నేటి ఉక్కు రేకు లావు సాధారణంగా 0.5 నుంచి 0.7 మిల్లీమీటర్లు. చదరపు మీటరుకు రెండు వైపులా కలిపి 275 గ్రాముల జింకు, దాని మీద రంగు పూత ఉంటాయి. గుండ్రటి ముడతల స్థానంలో ఇప్పుడు ఎక్కువగా పెట్టెల్లా పలకలు తీరిన ముడతలు కనిపిస్తాయి.

రేకు నాణ్యత ఒక్కటే చూసుకుంటే కప్పు నిలవదు. 1839 జనవరి 6 రాత్రి వీచిన పెనుగాలి ఐర్లండ్ అంతటా పూరిళ్ల కప్పులను లేపేసింది. 2025 జనవరి 24న ఏయోవిన్ తుఫానులో గాల్వే తీరంలోని మేస్ హెడ్ దగ్గర గాలి గంటకు 180 కిలోమీటర్లు దాటింది. 1945 నుంచి నిలిచిన దేశ రికార్డును అది చెరిపేసింది. హుద్‌హుద్ తుఫాను రోజున విశాఖలో రేకులు ఎగరడం చూసినవారికి ఆ గాలి బలం ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు. కప్పు మీదుగా వేగంగా సాగే గాలి రేకును పైకి పీలుస్తుంది. షెడ్డు ఒక పక్క తెరిచి ఉంటే లోపల చేరిన గాలి కూడా కింది నుంచి నెడుతుంది. ఈ పీల్పు చూరు, కొప్పు, మూలల దగ్గర అన్నిటికన్నా ఎక్కువ. కప్పు నడుమ ఉన్నంత దూరంలోనే అంచుల్లోనూ స్క్రూలు వేసి ఊరుకున్న పని మొదటి పెద్ద గాలికే బయటపడుతుంది.

పని మొదలుపెట్టేముందు ట్రస్సుల మీద అడ్డంగా వేసి రేకులు బిగించే పర్లిన్లు ఒకే మట్టంలో ఉన్నాయో లేదో తాడు పట్టి చూడాలి. ఐరిష్ పశువుల షెడ్డుల్లో ఇవి చాలాచోట్ల చెక్కవి, ఫ్యాక్టరీ షెడ్డుల్లో జెడ్ ఆకారపు ఉక్కువి. చెక్కకు వేసే స్క్రూ మర, ఉక్కుకు వేసే స్క్రూ మర వేరు. తర్వాత తేల్చుకోవలసింది దిక్కు. ఐర్లండ్‌లో గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. అందుకని మొదటి రేకును గాలికి దూరంగా ఉన్న కొసన వేసి, గాలికి ఎదురుగా జరుగుతూ వస్తారు. అప్పుడు ప్రతి కొత్త రేకు పాత రేకు అంచు మీదికి ఎక్కుతుంది. పైన కనిపించే అంచు గాలికి వెన్ను చూపుతుంది కాబట్టి వాననీరు సందులోకి దూరదు.

మొదటి రేకు చూరుకు సరిగ్గా మూలమట్టంలో కూర్చోవాలి. మన మేస్త్రీలు పునాది గీసేటప్పుడు పట్టే 3, 4, 5 కొలతల త్రిభుజమే ఇక్కడా పనికొస్తుంది. ఇక్కడ కొద్ది మిల్లీమీటర్ల వంకర ఉంటే పదిహేనో రేకు దగ్గర చూరు రంపపు పళ్లలా తేలుతుంది. రేకు కొస గట్టర్ లోపలికి 50 నుంచి 75 మిల్లీమీటర్లు దాటి ఉండాలి. పొడవు చాలక రెండు రేకులు కలపాల్సివస్తే పైది కిందిదాని మీదికి సుమారు 150 మిల్లీమీటర్లు ఎక్కాలి. వాలు తక్కువైన కప్పులో ఆ సందులో రెండు వరుసల సీలింగ్ టేపు పెడతారు. స్క్రూ పైనుంచి కనిపించే రకమైతే వాలు 4 డిగ్రీలకు తగ్గకూడదు.

పనిమంతుడి చేయి స్క్రూ దగ్గర తెలుస్తుంది. తల కింది రబ్బరు వాషర్ కాస్త అణిగితే చాలు. మరీ బిగిస్తే రబ్బరు పక్కకు పిండుకుపోయి, రేకు గుంటపడి అక్కడ నీరు నిలుస్తుంది. వదులైతే గాలికి రేకు కదిలి కన్నం పెద్దదవుతుంది. ఎండకూ చలికీ రేకు సాగి ముడుచుకునే సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. 10 మీటర్ల ఉక్కు రేకు 50 డిగ్రీల తేడాకు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. రేకును గ్రైండర్‌తో కోస్తే నిప్పురవ్వలు పూతను కాల్చేస్తాయి. అందుకే రేకు కత్తెరగానీ నిబ్లర్‌గానీ వాడాలి. డ్రిల్లింగ్ పొట్టును ఆ సాయంత్రమే ఊడ్చేయాలి. అక్కడి తేమలో రాత్రికి రాత్రే అది తుప్పు మరకలు వేస్తుంది.

పక్క గోడల రేకులకు సూత్రం అదే, వాలు బదులు తూకంగుండు చూసుకోవాలి. మూల నుంచి మొదలుపెట్టి, నేలకు సుమారు 150 మిల్లీమీటర్ల ఎత్తులో రేకును ఆపి, కింద నీరు జారే పట్టీ వేస్తారు. తలుపులు, కిటికీల పైన వేసే పట్టీ పై అంచు రేకు వెనక్కి, కింది అంచు బయటికి రావాలి. ఇది తిరగబడితే ఎంత సీలెంట్ పూసినా నీరు లోపలికే వస్తుంది.

వాన ఆపినా లోపల తడి మిగలవచ్చు. చలిరాత్రి రేకు చల్లబడితే పశువుల ఊపిరి దాని అడుగున నీటిబొట్లై పడుతుంది. రేకు అడుగున ఉన్ని పొర అంటించినా, కొప్పు దగ్గరా పక్కలా గాలి పోయే దారి లేకపోతే ఉపయోగం కొద్దే. మనుషులు ఉండే భవనాలకు అక్కడ పఫ్ ప్యానెల్‌ను పోలిన నురుగు ప్యానెల్ వాడతారు. 1965లో కావన్ కౌంటీలోని కింగ్స్‌కోర్టులో యూజీన్ మర్తా చిన్న ఇంజనీరింగ్ వ్యాపారంగా ప్రారంభించిన కింగ్‌స్పాన్ నేడు ఈ ప్యానెళ్లలో ప్రపంచమంతటా పేరున్న సంస్థ. ఎత్తైన భవనాలకు తొడుగు ఎంచుకునేటప్పుడు నిప్పు ప్రశ్న ముందు రావాలి. 2017లో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదంలో 72 మంది చనిపోయారు. నిప్పు గోడ వెంట పాకడానికి ముఖ్య కారణం పాలిథీన్ పొర ఉన్న అల్యూమినియం తొడుగు.

ఈ పనిలో ప్రాణాలు తీసేది వెలుతురు కోసం వేసే ప్లాస్టిక్ రేకు. రంగు మాసి, పాచి పట్టాక అది ఉక్కు రేకుల నడుమ కనబడదు. కాలు పడితే మనిషి నేరుగా కిందికి పోతాడు. ఐర్లండ్‌లో ఎత్తు మీది పనికి 2007 నిబంధనలు ఉన్నాయి. అడుగు పలకలు, కింద వల, అంచున కమ్మీలు లేకుండా ఎవరినీ పైకి పంపకూడదు. 2000కు ముందు కట్టిన షెడ్డు మీద పాత సిమెంటు రేకులు ఉంటే వాటిలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. పరీక్ష చేయించకుండా వాటిని పగలగొట్టడం, కోయడం తగదు.

పని పూర్తయ్యాక మిగిలేది ఏటేటా గట్టర్ శుభ్రం చేయడం, వదులైన స్క్రూలు మార్చడం, గీత పడ్డచోట రంగు వేయడం. సముద్రపు ఉప్పుగాలి తగిలేచోట మందమైన పూతగానీ అల్యూమినియం రేకుగానీ వేయాలి. రాగి గొట్టం నుంచి కారే నీరు జింకు రేకు మీద పడనివ్వకూడదు. పాత గడ్డి షెడ్డులు ఇప్పుడు ఐర్లండ్ జాతీయ వాస్తు వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. సంప్రదాయ పొలం కట్టడాలను బాగుచేసుకునే రైతులకు అక్కడి హెరిటేజ్ కౌన్సిల్ ద్వారా గ్రాంటు అందుతుంది.