పోర్టబుల్ కాఠిన్య పరీక్షకు ముందు ఉక్కు ఉపరితలాన్ని సిద్ధపరచడం: రోటవేటర్ బ్లేడ్ల పరీక్షలో పాటించవలసిన మెలకువలు

శ్రీకాకుళం జిల్లా భావనపాడు పరిసర తీరప్రాంతంలో ఇసుక నేలలు విస్తారంగా ఉన్నాయి. ఇసుకలోని క్వార్ట్జ్ రేణువులు గట్టిపరచిన ఉక్కు కంటే కఠినమైనవి. అందువల్ల దుక్కి చేసిన ప్రతిసారీ రోటవేటర్ బ్లేడు అంచు కొంత అరుగుతుంది. ఉప్పుగాలి వల్ల పట్టే తుప్పు దీనికి తోడవుతుంది. బ్లేడు అంచు గట్టిగాను, బోల్టులతో బిగించే భాగం కొంత మెత్తగాను ఉండాలి. అంచు మెత్తనైతే త్వరగా అరుగుతుంది. బిగించే భాగం మరీ గట్టిదైతే రాయి తగిలినప్పుడు విరుగుతుంది.

ఒక రైతు కొన్న బ్లేడ్లు కొద్ది రోజులకే అరిగిపోగా, అదే కట్టలోని వాడని బ్లేడును రంగు కూడా తొలగించకుండా పరీక్షించడం ఈ రచయిత చూశారు. ఐదు దెబ్బలకు ఐదు వేర్వేరు విలువలు వచ్చాయి. ఉపరితలాన్ని శుభ్రపరచి మళ్లీ కొలవగా విలువలు పెరిగి, ఒకదానికొకటి దగ్గరయ్యాయి. ఉక్కు మంచిదేనని, అరుగుదలకు ఇసుకే కారణమని తేలింది.

పరికరం పనిచేసే తీరు

1975లో డీట్మార్ లీబ్ రూపొందించిన పద్ధతిలో చిన్న గట్టి బంతి గల దిమ్మె ఉక్కును తాకి వెనుకకు ఎగురుతుంది. ఎగిరే వేగాన్ని తాకిన వేగంతో భాగించి 1000తో గుణిస్తే లీబ్ విలువ వస్తుంది. రంగు, తుప్పు, గరుకుదనం దెబ్బ శక్తిలో కొంత భాగాన్ని హరిస్తాయి. కనుక విలువ అసలు కంటే తక్కువగా నమోదవుతుంది.

సిద్ధపరచే క్రమం

1. మట్టి, నూనె, రంగు, తుప్పులను పూర్తిగా తొలగించాలి.

2. కొలిమిలో కాగిన ఉక్కుపై నల్లని ఆక్సైడ్ పెచ్చు ఏర్పడుతుంది. దాని కింద కార్బన్ తగ్గిన మెత్తని పొర ఉండవచ్చు. రెండింటినీ గ్రైండర్‌తో తీసివేయాలి. కొంచెం కొంచెంగా అరగదీస్తూ కొలిచినప్పుడు విలువ పెరగడం ఆగిపోతే అసలు లోహం బయటపడినట్లే.

3. గ్రైండర్‌ను ఒకేచోట అదిమి పట్టరాదు. ఉక్కు పసుపు లేదా నీలి రంగుకు తిరిగితే వేడికి మెత్తబడి ఉండవచ్చు. మధ్యమధ్య ఆపి చల్లారనివ్వాలి.

4. ముతక నుండి నునుపు వరకు వరుసగా ఎమరీ కాగితాలతో రుద్దాలి. సాధారణంగా వాడే డి రకం పరికరానికి సగటు గరుకుదనం 2 మైక్రాన్లకు మించరాదు.

5. చివరగా ధూళి, జిడ్డు లేకుండా పొడిగుడ్డతో తుడవాలి. తీరప్రాంతంలో తుప్పు త్వరగా పడుతుంది కనుక ఆలస్యం చేయక కొలవాలి.

పలుచని బ్లేడుకు ప్రత్యేక జాగ్రత్త

డి రకం పరికరానికి ఆధారం లేని వస్తువు కనీసం 5 కిలోల బరువు, 25 మిల్లీమీటర్ల మందం ఉండాలి. బ్లేడుకు ఈ రెండూ ఉండవు. దెబ్బకు బ్లేడు అదిరితే విలువ తగ్గుతుంది. కాబట్టి బ్లేడు చదునైన భాగాన్ని బరువైన ఉక్కు పలకపై, మధ్య పలుచని గ్రీజు పొరతో, గాలి సందు లేకుండా అతికించాలి. వంపు వల్ల ఆనని భాగంలో కొలవరాదు.

దెబ్బల మధ్య కనీసం 3 మిల్లీమీటర్ల ఎడం, అంచు నుండి 5 మిల్లీమీటర్ల దూరం పాటించాలి. ఒకసారి దెబ్బ తగిలిన చోటు గట్టిపడుతుంది కనుక అక్కడే మళ్లీ కొట్టరాదు. ఐదు విలువల సగటును తీసుకోవాలి. పరీక్షకు ముందు ప్రామాణిక దిమ్మెపై పరికరాన్ని సరిచూసుకోవాలి.

ముగింపు

సిద్ధపరచని ఉపరితలంపై వచ్చిన అంకె బ్లేడును గూర్చి కాక, దానిపై ఉన్న మురికిని గూర్చి చెబుతుంది. అటువంటి అంకెను నమ్మి మంచి బ్లేడును తిరస్కరిస్తే అమ్మకందారు నష్టపోతాడు. మెత్తని బ్లేడుపై ఫిర్యాదు చేసిన రైతు అటువంటి అంకెనే చూపితే, అమ్మకందారు దానిని సులభంగా కొట్టివేస్తాడు. కొలిచిన చోటు, సిద్ధపరచిన విధానం, ఐదు విలువలు కాగితంపై నమోదై ఉన్నప్పుడే ఆ పరీక్ష ఇరుపక్షాలకు ఆమోదయోగ్యమవుతుంది.