మంచుమీద బతికే ఊదారంగు కణం



ఎండాకాలంలో నల్లచొక్కా తొడుక్కుంటే ఒళ్లు మండిపోతుంది. తెల్లచొక్కాతో అంత బాధ ఉండదు. ముదురురంగు వెలుగును పీల్చుకుని వేడిగా మారుస్తుంది. తెలుపు దాన్ని తిప్పికొడుతుంది. ఈనాటి పాఠానికి ఈ చిన్న సంగతే ఆధారం.

గ్రీన్‌లాండ్‌ను కప్పిన మంచుఫలకం పశ్చిమపు అంచుల్లో, వేసవిలో చాలాచోట్ల తెల్లగా ఉండదు. గోధుమ, ఊదా కలిసిన మురికిరంగులో కనిపిస్తుంది. 1870లో అక్కడికి వెళ్లిన స్వీడన్ అన్వేషకుడు నార్డెన్‌షెల్డ్ ఈ రంగును గమనించాడు. అందులో దుమ్ముతోపాటు శైవలాలు కూడా ఉన్నాయని ఆయన వెంట వెళ్లిన వృక్షశాస్త్రజ్ఞుడు బెర్‌గ్రెన్ గుర్తించాడు. వాటిలో ఒకదానికి నాయకుని పేరు కలిపి 'ఆన్సిలోనీమా నార్డెన్‌షెల్డై' అని నామకరణం చేశాడు.

దీని కణం వెడల్పు మిల్లీమీటరులో సుమారు నూరో వంతు. మన చెట్లలాగే దీనిలోనూ పత్రహరితం ఉంది, కిరణజన్య సంయోగక్రియ జరుగుతుంది. కాని దీనికి రెండు చిక్కులున్నాయి. మొదటిది, ధ్రువప్రాంతపు వేసవిలో సూర్యుడు వారాల తరబడి అస్తమించడు. అతినీలలోహిత కిరణాలతో కూడిన ఆ ఎండ పత్రహరితాన్ని దెబ్బతీస్తుంది. రెండవది, చుట్టూ మంచే ఉన్నా, గడ్డకట్టిన నీరు కణానికి పనికిరాదు.

ఈ రెండింటికీ ఉపాయం ఒక్కటే. కణంలోని రిక్తికలలో ముదురు ఊదారంగు వర్ణకం నిండి ఉంటుంది. నల్ల టీకి రంగునిచ్చే పదార్థాలకు ఇది దగ్గరి బంధువు. ఇది గొడుగులా ఎక్కువైన వెలుగును అడ్డుకుంటుంది. అలా పీల్చుకున్న వెలుగు వేడిగా మారి పక్కనున్న మంచును కరిగిస్తుంది. కణానికి నీరు దొరుకుతుంది!

మరి ఇందులో మనం ఆలోచించవలసినది ఏమిటి? నీరు దొరికితే కణాలు పెరుగుతాయి. కణాలు పెరిగితే మంచు మరింత నల్లబడి, ఇంకా వేగంగా కరుగుతుంది. మంచు తరగడానికి మూలకారణం మనిషి బొగ్గు, చమురు మండించి భూమిని వేడెక్కించడమే. ఈ శైవలం ఆ కరుగుదలకు తోడవుతుంది. గ్రీన్‌లాండ్ మంచంతా కరిగితే సముద్రమట్టం సుమారు 7 మీటర్లు పెరుగుతుంది. అది ఇప్పటికిప్పుడు జరిగేది కాదు. కాని ఏటా ఎంత మంచు కరుగుతుందో లెక్కకట్టాలంటే గాలి వేడిమి ఒక్కటే చాలదు, ఈ కణాలనూ లెక్కలోకి తీసుకోవాలి.

మీరూ పరీక్షించి చూడండి. ఒకే పరిమాణంలో ఉన్న రెండు మంచుముక్కలు తీసుకుని, ఒకదానిపై కాస్త మసి చల్లి, రెండింటినీ ఎండలో పెట్టండి. ఏది ముందు కరిగిందో మీ నోటుపుస్తకంలో రాసుకోండి.