ఏసీలో గ్యాస్ అయిపోయిందా? ముందు ఫిల్టర్ చూడండి

ఉగాది దగ్గరపడితే చాలు, నెలల తరబడి మూలన పడున్న ఏసీ రిమోట్ బయటికొస్తుంది. ఆన్ చేస్తే కూలింగ్ అంతంతమాత్రం. మెకానిక్‌కి ఫోన్ చేస్తే చాలాసార్లు వినిపించేది ఒకటే మాట: "గ్యాస్ అయిపోయింది సార్, నింపాలి."

కానీ ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. సీల్ చేసిన పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే. అది సరిచేయకుండా నింపించుకుంటే మీ డబ్బులూ గాల్లోకే. లీక్ ఎక్కడుందో చూపించమని అడగండి.

అసలు ఫోన్ చేసే ముందే ఒక పని ఉంది. ఎంసీబీ ఆఫ్ చేసి, ఇండోర్ యూనిట్ మూత ఎత్తి, ఫిల్టర్లు బయటికి లాగండి. మామూలు నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే ప్లాస్టిక్ వంగిపోవచ్చు. దుమ్ము పట్టిన ఫిల్టర్ గాలిని అడ్డుకుంటే కాయిల్ మీద ఐస్ కడుతుంది. చూడ్డానికి అచ్చం గ్యాస్ తగ్గినట్టే ఉంటుంది!

బాల్కనీలో ఔట్‌డోర్ యూనిట్‌కి ఆనించిన అట్టపెట్టెలు కూడా తీసేయండి, గదిలోని వేడి బయటికి పోయేది అక్కడినుంచే.

ఇంత చేసినా చల్లబడకపోతే అప్పుడు మెకానిక్. కొత్త ఏసీల్లో ఎక్కువగా వాడే ఆర్32 గ్యాస్‌కి కాస్త మండే గుణం ఉంది, యూట్యూబ్ చూసి దాని జోలికి మాత్రం వెళ్లొద్దు.